మీరడిగారు, మేం చెప్తున్నాం: ఎల్లోమ్యాన్ సంగతులు

పోయిన సంచికలో జమైకా రెగె సంగీతం మీద రాస్తూ మధ్యలో ఎల్లోమ్యాన్ అనే డీజే గురించి రెండు ముక్కలు రాసి వదిలేశాను. అనాథాశ్రమంలో పెరిగాడనీ, క్యాన్సర్ వచ్చి ఇంకో మూడేళ్లకు మించి బతకడని డాక్టర్లు తేల్చేసినా దశాబ్దాల పాటు వేదికలెక్కాడనీ, 1980ల మొదట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆయన్ని మించిన స్టార్ లేడనీ. అలాంటి మనిషిని రెండు ముక్కల్లో తేల్చేస్తారా అని చాలామంది దులిపేశారు. సరే, ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, అడిగినవాళ్ల పేర్లు వేయలేదు, ఏమనుకోకండి.

ప్రశ్న: డీజే అంటే రికార్డులు మార్చేవాడు కదండీ. మీరేమో ఆయన పాడాడని రాశారు. ఇంతకీ పాడతాడా, పాటలు వేస్తాడా?

జవాబు: వేయడు. జమైకాలో రికార్డులు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు, మైకు పట్టుకునేవాడు డీజే. పాటకీ మాటకీ మధ్యలో ఉండేదేదో చేస్తాడు. లయ తప్పకూడదు, ప్రాస వదలకూడదు, చాలాసార్లు అక్కడికక్కడే ఆశువుగా అల్లాలి. ఇదెలా జరుగుతుందో తెలిస్తే గానీ ఎల్లోమ్యాన్ అర్థం కాడు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

బీరువాలంత స్పీకర్లు, యాంప్లిఫయర్లు, ఒక టర్న్‌టేబుల్, రికార్డుల పెట్టెలు, వీటిని లారీలో వేసుకుని తిరిగే బృందాన్ని సౌండ్ సిస్టమ్ అంటారు. ఖాళీ స్థలం దొరికితే చాలు, రాత్రికి డాన్స్. 1950ల నుంచీ అక్కడి పేదవాడకి రేడియో కంటే ఇవే దగ్గర. 1960ల చివర్లో జమైకా రికార్డుల్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది: ఒకవైపు పాట, రెండోవైపు అదే పాటలోంచి గొంతు తీసేసి ఒట్టి వాద్యాలు. ఆ రెండో వైపుని వెర్షన్ అంటారు. సెలెక్టర్ ముందు పాట వైపు వేస్తాడు, జనం ఊపందుకున్నాక రికార్డు తిరగేసి ముల్లు దించుతాడు, బాస్ గిటారు, డ్రమ్ము మాత్రమే మిగిలిన ఆ ఖాళీలోకి డీజే దూకుతాడు. ఒక మంచి మాట పడిందా, జనం గోల గోల. అప్పుడు సెలెక్టర్ ముల్లు ఎత్తేసి మళ్లీ మొదటినుంచి వేస్తాడు, డీజే మళ్లీ అందుకుంటాడు. మాట పేలకపోతే? ఆ మౌనం ముఖం మీదే తెలిసిపోతుంది. స్టూడియోలో అయితే తప్పుని చెరిపి మళ్లీ పాడొచ్చు, ఇక్కడ ఆ దారి లేదు.

ఈ విద్యని రికార్డుల్లోకి తెచ్చి జమైకా అంతా వినేలా చేసినవాడు యూ-రాయ్, 1970లో. అంతకుముందు కౌంట్ మచుకి, కింగ్ స్టిట్ లాంటివాళ్లున్నారు. కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన డీజే కూల్ హెర్క్ 1973లో బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీ నుంచే హిప్‌హాప్ లెక్క మొదలుపెడతారు కాబట్టి, రాప్ వినే కుర్రాళ్లకి ఇదంతా దూరపు చుట్టరికం కాదు.

ప్రశ్న: ఎల్లోమ్యాన్ అనేది అసలు పేరా? ఆయనకి బొల్లి అని ఎక్కడో చదివాను. చిన్నప్పటి సంగతులు చెప్పండి.

జవాబు: అసలు పేరు విన్‌స్టన్ ఫాస్టర్. బొల్లి కాదు, అల్బినిజం. బొల్లిలో ఉన్న రంగు మధ్యలో మచ్చలు మచ్చలుగా పోతుంది, అల్బినిజంలో పుట్టుకతోనే ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం దాదాపు ఉండదు. చర్మం, జుట్టు, కనుపాపలు అన్నీ పాలిపోయి ఉంటాయి, చూపు కూడా చాలామందికి సరిగా ఉండదు. అంటువ్యాధీ కాదు, ఎవరి పాపమూ కాదు.

కానీ ఆయన పుట్టిన 1950ల జమైకాలో అలా అనుకున్నవాళ్లు తక్కువ. పసివాడుగా ఉన్నప్పుడే వదిలేస్తే కింగ్‌స్టన్‌లోని మ్యాక్స్‌ఫీల్డ్ పార్క్ పిల్లల ఆశ్రమంలో పెరిగాడు. అల్బినో పిల్లల్ని అక్కడ ‘డండస్’ అని ఏడిపించేవారు. అందరూ నల్లగా ఉన్న చోట తను ఒక్కడే పాలిపోయి ఉండటం, పైగా అమ్మానాన్నా లేకపోవడం, ఇంకేం కావాలి తోటిపిల్లలకి.

తర్వాత ఆల్ఫా బాయ్స్ స్కూల్. దీని గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే క్రైస్తవ సన్యాసినులు నడిపిన బడి, దిక్కులేని పిల్లలకీ అల్లరి పిల్లలకీ చేతిపనులతో పాటు బ్యాండు వాయించడం నేర్పేది. డాన్ డ్రమ్మండ్, టామీ మెకూక్, జానీ మూర్ లాంటి స్కా (రెగెకి ముందు నడిచిన జమైకా సంగీతం) వాద్యకారులు ఈ బడి పిల్లలే. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అని ఒకావిడ బోలెడన్ని రికార్డులు పోగేసి, ఏకంగా ఒక సౌండ్ సిస్టమ్ కొని పిల్లల కోసం తనే పాటలు వేసేది. సన్యాసిని సెలెక్టర్ కావడం ఇంకెక్కడైనా విన్నారా?

1970ల చివర్లో టేస్టీ అనే కంపెనీ నడిపే టాలెంట్ పోటీలో పైకొచ్చాడు. అందులో ఆయన్ని దాటేసి గెలిచింది నాడీన్ సదర్లాండ్ అనే చిన్నపిల్ల, తర్వాత ఆవిడా పెద్ద గాయని అయింది. ఆ పైన ఏసెస్ అనే సౌండ్ సిస్టమ్ మైకు దొరికింది. అక్కణ్ణించి రాకెట్టే.

ప్రశ్న: ఆయన పాటలు కొన్ని విన్నాను. ప్రతి పాటలోనూ సొంత డబ్బా. నేనే అందగాణ్ణి, అమ్మాయిలంతా నా వెంటే అని. ఇంత గర్వం ఉన్నవాణ్ణి మీరెందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు?

జవాబు: గర్వమే. కాదనను. అయితే ఆ మాట అంటున్నదెవరో చూడండి. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని కుర్రాడు, ఏ రంగుని చూసి జనం ముఖం తిప్పుకున్నారో ఆ రంగునే పేరుగా పెట్టుకుని, పసుప్పచ్చ సూటు వేసుకుని, వేలమంది ముందు నిలబడి ఈ దేశంలో నాకంటే సొగసుగాడు లేడు అంటున్నాడు. మొదట జనం నవ్వి ఉంటారు, నవ్వించాలనే ఆయనా అన్నాడు. కానీ జోకు బాగా పేలితే దాని పక్కనే ఇంకొకటి జరుగుతుంది: నిన్నటిదాకా వెక్కిరించినవాళ్లు ఇప్పుడు ఆయన చెప్పే వెక్కిరింతకి ఆయనతో కలిసి నవ్వుతున్నారు. వెక్కిరించే హక్కు చేతులు మారింది. నా దృష్టిలో ఎల్లోమ్యాన్ కళంతా ఇక్కడే ఉంది. ఆ గొప్పలు తీసేస్తే ఆయన మంచి లయ ఉన్న మామూలు డీజే.

1982లో మాంటెగో బేలో జరిగిన రెగె సన్‌స్ప్లాష్ ఉత్సవంలో ఆయన పాడింది రికార్డుగా వచ్చింది. అది వినండి, నేను చెప్పేది తెలుస్తుంది. జనం అరుపులు వాద్యాల్లో భాగమైపోతాయి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 1980 ఎన్నికల ఏడాది జమైకాలో పార్టీల గొడవల్లో ఎనిమిది వందల మందికి పైగా చచ్చిపోయారు. ప్రధానమంత్రిగా మ్యాన్లీ దిగిపోయి సియాగా వచ్చాడు. 1981 మే 11న రెగెకి ప్రపంచమంతా పేరు తెచ్చిన గాయకుడు బాబ్ మార్లీ పోయాడు. విముక్తి, ఆఫ్రికా, విప్లవం అని పదేళ్లు పాడుకున్న జనం అలసిపోయి ఉన్నారు. ఆ రాత్రుల్లో వాళ్లకి నవ్వించేవాడు కావాలి. వచ్చాడు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ పాటలు పెడుతుంటే అర్థాలు వెతికి చూశాను. బూతులండీ. మీ పత్రికలో ఇలాంటివాళ్ల గురించి రాయడం అవసరమా?

జవాబు: కొన్ని బూతులే, మీరన్నది నిజం. ఆ రకాన్ని అక్కడ స్లాక్‌నెస్ అంటారు, దానికి ఎదురుగా దైవం, నీతి, ఆఫ్రికా మాట్లాడే పాటల్ని కల్చర్ అంటారు. స్లాక్‌నెస్ ఎల్లోమ్యాన్‌తో మొదలవలేదు. ఆయనకంటే ముందు జనరల్ ఎకో అనే డీజే అందులో దిట్ట, 1980 నవంబర్‌లో పోలీసుల కాల్పుల్లో పోయాడు. ఆ ఖాళీలోకి ఎల్లోమ్యాన్ వచ్చాడు.

వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కెరొలిన్ కూపర్ లాంటివాళ్లు ఈ బూతుని పెద్దమనుషుల మర్యాద మీద పేదవాడి తిరుగుబాటుగా చదివారు. ఆ వాదనలో బలముంది. అయితే తిరుగుబాటు అన్నంత మాత్రాన ప్రతి పాటా గొప్పదైపోదు. ఆయన పాటల్లో ఆడవాళ్లు లెక్కపెట్టుకునే వస్తువులుగా కనపడేవి చాలా ఉన్నాయి, వాటిని ఈ రోజు నేను రెండోసారి పెట్టుకోను. ఇదే మనిషి మళ్లీ హింస వద్దనీ, పేదవాడి కష్టాలనీ పాడాడు, 1994లో వచ్చిన ‘ప్రేయర్’ ఆల్బమ్ నుంచి దాదాపు పూర్తిగా భక్తి, సామాజికం వైపు తిరిగాడు. మీ అబ్బాయి వయసు రాయలేదు. పదేళ్లయితే ఆపేయండి, ఇరవై అయితే ఆపినా ఆగడు.

ప్రశ్న: ఆయన హిట్ పాట ‘జుంగు జుంగు’ సంగీతం వేరే పాటల్లోనూ విన్నాను. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు?

జవాబు: పాట పూర్తి పేరు ‘జుంగుజుంగుగుజుంగుజెంగ్’. నిర్మాత హెన్రీ ‘జుంజో’ లాస్, వాయించింది రూట్స్ రాడిక్స్ బృందం, అదే పేరుతో ఆల్బమ్ 1983లో వచ్చింది. కాపీ అనే మాట అక్కడ అంత తేలిగ్గా అతకదు. జమైకాలో రిడిమ్ అంటే బాస్, డ్రమ్స్ కలిసిన ఒక వరస, దానిమీద ఎవరైనా పాడొచ్చు, వందమంది పాడినా తప్పు కాదు, పైగా ఎవడు బాగా పాడాడన్నదే పోటీ. ఈ రిడిమ్ 1960ల్లో స్టూడియో వన్ అనే రికార్డింగ్ స్టూడియోలో ఆల్టన్ ఎల్లిస్ అనే గాయకుడు పాడిన ‘మ్యాడ్ మ్యాడ్’ది. మిషిగన్, స్మైలీ అనే జంట దానిమీద ‘డిసీజెస్’ అని హిట్ కొట్టారు. తర్వాతే ఎల్లోమ్యాన్.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. రిడిమ్‌ని వదిలేసి, ఎల్లోమ్యాన్ నోటితో పలికిన ఆ అర్థంలేని పల్లవి వరస అమెరికా హిప్‌హాప్‌లోకి పాకిపోయింది. 1980ల చివర్లో బూగీ డౌన్ ప్రొడక్షన్స్, 1998లో బ్లాక్ స్టార్, ఇంకా చాలామంది. వేన్ మార్షల్ అనే సంగీత పరిశోధకుడు అది ఎక్కడెక్కడ తేలిందో వెతుకుతూ పెద్ద వంశవృక్షమే తయారుచేశాడు. పాడేవాళ్లలో కొందరికి అది ఎవరిదో కూడా తెలిసి ఉండదు.

ఎల్లోమ్యాన్ కూడా తక్కువేం తినలేదు. పెళ్లి గురించి ఆయన పాడిన పాటలో ఒక పాత ఇంగ్లీషు సంగీత నాటకం వరస దర్జాగా వచ్చి కూర్చుంటుంది. చెవిన పడ్డదల్లా ఆయన సరుకే.

ప్రశ్న: మరి డబ్బు? ఇన్ని పాటలు పాడాడు, కోట్లు సంపాదించాడా?

జవాబు: ఆయన బ్యాంకు పుస్తకం నేను చూడలేదు. పద్ధతి మాత్రం చెప్తాను. జమైకాలో 1993లో కొత్త కాపీరైట్ చట్టం అమల్లోకి వచ్చేదాకా నడిచింది 1911 నాటి బ్రిటిష్ చట్టం. డీజే స్టూడియోకి వెళ్తాడు, నిర్మాత దగ్గర రిడిమ్ సిద్ధంగా ఉంటుంది, పాడతాడు, చేతికిచ్చిన డబ్బు తీసుకుని బయటకొస్తాడు. ఆ పైన రికార్డు ఎన్ని అమ్ముడుపోయినా, ఎవరి సినిమాలో పడినా, అది నిర్మాత అదృష్టం. అందుకే ఎల్లోమ్యాన్ 1982, 83ల్లో దొరికిన ప్రతి నిర్మాతకీ పాడి కుప్పలు తెప్పలుగా రికార్డులు వదిలాడు. అందులో మేలిమి ఎంత ఉందో తాలు అంతే ఉంది.

ఈ పద్ధతి ఎంత అన్యాయమో తెలియాలంటే సిస్టర్ నాన్సీ కథ చూడాలి. ఆవిడా డీజేనే, మగవాళ్ల గుంపులో మైకు లాక్కున్న తొలి ఆడవాళ్లలో ఒకావిడ. 1982లో ‘వన్ టూ’ అనే ఆల్బమ్ చేస్తూ, ఇంకో పాట తక్కువైందని ‘బామ్ బామ్’ పాడింది. రిడిమ్ పాతదే, పల్లవి మేటల్స్ బృందం 1966లో జమైకా పండుగ పాటల పోటీలో గెలిచిన పాటది. పాట ప్రపంచమంతా తిరిగింది, హాలీవుడ్ సినిమాలోకెక్కింది. ఆవిడ మాత్రం అమెరికా వెళ్లి న్యూజెర్సీలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ బతికింది. 2014లో ఒక బూట్ల కంపెనీ ప్రకటనలో టీవీలో తన గొంతు తనే విని, ఇక లాభం లేదని లాయర్‌ని పెట్టుకుంది, అప్పుడు గానీ హక్కుల్లో వాటా రాలేదు. ముప్పై రెండేళ్లు! ఇంతమంది ఆవిడ పాటకి ఊగారు, ఒక్కడికీ ఆవిడకి డబ్బులు వెళ్తున్నాయా అని తోచలేదు.

ఎల్లోమ్యాన్‌కి ఇంకో దారి దొరికింది. అమెరికాలో అతి పెద్ద రికార్డు కంపెనీల్లో ఒకటైన సీబీఎస్ ఆయనతో ఒప్పందం చేసుకుంది, 1984లో ‘కింగ్ ఎల్లోమ్యాన్’ వచ్చింది. డాన్స్‌హాల్ (సౌండ్ సిస్టమ్ డాన్సుల్లో పుట్టిన ఈ సంగీతం పేరు) డీజేకి అలాంటిది దక్కడం అదే మొదలు. ఆల్బమ్ మాత్రం నాకు నచ్చదు. అమెరికా డిస్కోల్లో ఆడాలని నున్నగా తోమేశారు, ఆయనలోని కరుకుదనం పోయింది. ఆ మరుసటేడు రన్-డీఎంసీ అనే అమెరికా రాప్ బృందం వాళ్లు పిలిచి తమ ‘కింగ్ ఆఫ్ రాక్’ ఆల్బమ్‌లో పాడించారు, ఆ పాట వినొచ్చు.

ప్రశ్న: క్యాన్సర్ సంగతి కొంచెం వివరంగా రాయండి.

జవాబు: మెలనిన్ ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. అది లేనివాళ్లు ఉష్ణదేశంలో పుట్టి పెరిగితే చర్మ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. 1982లో, అంటే సరిగ్గా ఊరంతా ఆయన పాటే మోగుతున్నప్పుడు, క్యాన్సర్ అని తేలింది. మూడేళ్లన్నారు. ఆయన పాడటం ఆపలేదు, ఇంకా ఎక్కువ పాడాడు. 1986లో దవడకి పెద్ద ఆపరేషన్ చేసి ఎడమవైపు కింది దవడలో చాలా భాగం తీసేశారు. ముఖం రూపు శాశ్వతంగా మారిపోయింది. నేనే అందగాణ్ణని పాడుకుని బతికే మనిషికి, అక్షరాలు విరిచి విరిచి పలకడమే వృత్తి అయిన మనిషికి, పోయింది దవడ.

ఆయన ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఆ రోజుల్లోనే సంగీతం కూడా మారిపోయింది. 1985లో కింగ్ జామీ అనే నిర్మాత, వేన్ స్మిత్ అనే గాయకుడు కలిసి చిన్న కాసియో కీబోర్డులో ముందే పెట్టి ఉన్న ఒక లయతో ‘స్లెంగ్ టెంగ్’ చేశారు. దెబ్బకి బ్యాండ్లు పెట్టి రిడిమ్ వాయించే రోజులు వెనకపడి, కంప్యూటర్ శబ్దాల యుగం మొదలైంది. కొత్త డీజేలు వచ్చేశారు. కోలుకుని వచ్చిన ఆయనకి తను ఏలిన రాజ్యం లేదు.

1987లో ‘బ్లూబెర్రీ హిల్’ అనే పాత అమెరికన్ పాటని తనదైన పద్ధతిలో పాడితే జమైకాలో హిట్టయింది. మళ్లీ కుర్చీ ఎక్కలేదు గానీ నిలబడ్డాడు. మాట తీరు మారింది, కొన్ని అక్షరాలు ఒకవైపు నుంచి జారినట్టు వినిపిస్తాయి. దాన్ని దాచుకోవాలని చూడలేదు. సాజిటేరియస్ బ్యాండ్‌ని వెంటేసుకుని దేశాలు తిరిగాడు, వేదిక మీద ఒకచోట నిలబడడు, ఆ చివర నుంచి ఈ చివరకి జాగింగ్ చేస్తూ, గెంతుతూ పాడతాడు, వీడియోలున్నాయి చూడండి. 2018లో జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ డిస్టింక్షన్ ఇచ్చింది. యునెస్కో రెగెని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా ఆ ఏడాదే.

ప్రశ్న: ఆయనతో పాటు ఇంకో గొంతు వినపడుతుంది, ఎవరది?

జవాబు: ఫ్యాట్‌హెడ్. తొలినాళ్ల జోడీ. ఎల్లోమ్యాన్ వాక్యం ముగిస్తుంటే చివర్లో తోక తగిలించేవాడు.

ప్రశ్న: అంతా బాగుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? భాష అర్థమవుతుందా?

జవాబు: భాష జమైకా పాట్వా, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకీ మొదట్లో సగం దాటిపోతుంది. పట్టించుకోకండి, ముందు లయ చెవికెక్కనివ్వండి. 1982లో వచ్చిన ‘మిస్టర్ ఎల్లోమ్యాన్’తో మొదలుపెట్టండి, జుంజో లాస్ నిర్మించిందే, ఆయన ఆల్బమ్‌లన్నిటిలో నాకు ఇష్టమైనది. రెండోది ‘జుంగుజుంగుగుజుంగుజెంగ్’. మూడోది సన్‌స్ప్లాష్ లైవ్. ఈ మూడూ అయ్యాక ‘ప్రేయర్’కి వెళ్తే మనిషి ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది, నేరుగా దానితో మొదలుపెడితే మాత్రం ఇందుకా ఇంత హడావిడి అనిపించొచ్చు. ‘కింగ్ ఎల్లోమ్యాన్’ని చివరికి వదిలేయండి. ఇంకో మాట, ఫోన్ స్పీకర్‌లో వినకండి, అందులో బాస్ గిటారు వినపడదు, బాస్ లేకపోతే ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో మీకు తెలియదు.